గడియారం మీద తువ్వాల

మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. తెర మీద మేడం వాళ్ల అక్క పేరు కనిపించింది. ఆవిడ తన ఫోన్ నుంచి నాకు ఎప్పుడూ చేయరు. ఎత్తలేదు. మోగీ మోగీ ఆగిపోయింది. పాలు పొంగి గట్టంతా పారాయి, నేను మాత్రం ఫోన్ వంకే చూస్తున్నాను. ఎత్తనంత సేపూ ఏమీ జరగనట్టేనని ఒక పిచ్చి ఆశ. మళ్లీ మోగింది. ఈసారి ఎత్తక తప్పలేదు.

“బిడ్డా, చెల్లె పోయిందే. పొద్దుగాల్ల చాయ్ తాగుదువు లేవే అని లేపిన. లేవలే,” అన్నారు ఆవిడ.

మనిషి పోతే ముందు ఏడుపు రావాలి. నాకు భయం వచ్చింది. అరికాళ్లలో చెమట పట్టింది. పొయ్యి ఆపుదామంటే చెయ్యి ఆడలేదు. ఎందుకంటే, కొద్ది రోజుల క్రితమే దవాఖాన మంచం మీద ఉండి మేడం నన్నొకటి అడిగారు. కొత్త బ్యాచ్‌కు తన బదులు నన్ను క్లాసు చెప్పమన్నారు. నేను ఔననలేదు, కాదనీ అనలేదు. ఇక ఆ జవాబు చెబుదామంటే మనిషే లేదు. ఆదివారం మాత్రం వస్తుంది. దానికి ఎవరు పోయినా ఒకటే.

మేడం హన్మకొండలో ఒక ఫోటో స్టూడియో మీది గదిలో ఆదివారం పూట యూజబిలిటీ టెస్టింగ్ నేర్పేవారు. పేరు వింటే బెదిరిపోతాం గానీ పని అర్థం కానిదేమీ కాదు. ఎవరో ఒక యాప్ తయారు చేస్తారు, లేదంటే ఒక మిషన్. దాన్ని మామూలు మనిషి చేతిలో పెట్టి, ఒక పని చెప్పి, అతను ఎక్కడ ఆగిపోతున్నాడో, ఎక్కడ తికమకపడుతున్నాడో పక్కన కూర్చుని చూడాలి. చూసి, ఇదిగో ఇక్కడ మార్చండి అని తయారు చేసినవాళ్లకు చెప్పాలి. మేడం హైదరాబాదులో ఒక కంపెనీలో చాలా ఏళ్లు ఈ పనే చేశారు. ఒంట్లో బాగుండక అక్క దగ్గరికి వచ్చేశారు. వచ్చి ఊరుకోలేక, రెండు నెలల ఈ చిన్న కోర్సు మొదలుపెట్టారు.

నేను చేరడం వెనక పెద్ద ఆశయమేమీ లేదు. నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. క్లాసులో లేచి పేరు చెప్పాలంటే భయం. బస్సు ఆపమని కండక్టర్‌కు చెప్పాలంటే భయం. నేను దిగాల్సిన స్టేజీ దాటిపోతున్నా నోరు విప్పేదాన్ని కాదు, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. నవ్వకండి. డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూకి పోతే, నీ గురించి చెప్పమ్మా అన్నారు. నోట మాట రాక నీళ్లు తాగి వచ్చేశాను. మాట్లాడకుండా చూస్తూ కూర్చునే పని ఒకటుందట, నీకు బాగా కుదురుతుందని స్నేహితురాలు ఒకతె అంటే, నిజమేననుకుని చేరాను.

మొదటి రోజు మేడం మాకు యాప్ చూపించలేదు, కంప్యూటర్ చూపించలేదు. మనిషి పొట్టిగా ఉంటారు. నూలు చీర కొంగు నడుముకు దోపి, భుజాన గుడ్డ సంచితో లోపలికి వచ్చారు. సంచిలోంచి ఒక మాత్రల సీసా తీశారు. మా బ్యాచ్‌లో నవీన్ అని ఒకడుండేవాడు, నోటికి తాళం లేని మనిషి. సీసా వాడి చేతిలో పెట్టి, “మూత తియ్ బిడ్డా,” అన్నారు.

పసిపిల్లలు తెరవకుండా చేసిన మూత అది. కిందికి నొక్కి తిప్పితే తప్ప రాదు. నవీన్ తిప్పుతున్నాడు. మూత కటకటా తిరుగుతోంది గానీ ఊడడం లేదు. చొక్కా అంచు పట్టి తిప్పాడు. పళ్లతో కూడా కొరికాడు. మేం ఎంతసేపని ఆగుతాం? “ఒత్తి తిప్పురా!” “అరేయ్, కిందికి ఒత్తు!” అంటూ అందరం లేచాం. నేను కూడా లేచాను. జీవితంలో మొదటిసారి నలుగురిలో నోరు విప్పాను, అది కూడా తప్పు చోట.

“ఎవరడిగిండ్రు మిమ్ముల?” అన్నారు మేడం. గొంతు పెంచలేదు, అయినా అందరం కూర్చున్నాం. “గీ పోరడు ఇంట్ల ఒక్కడే ఉన్నప్పుడు ఆయాసం వచ్చి మాత్ర కావాల్నంటే, మీరందరు పోయి కిటికీల నిలవడి ఒర్లుతరా? ఆగున్రి. ఆడు ఏడ ఆగుతాండో చూడున్రి. మీరు చెప్పిన్రంటే ఆడు నేర్చుకుంటడు, మూత మాత్రం గట్లనే ఉంటది.”

ఆ తర్వాత అందరినీ చేతులు తొడల కింద పెట్టుకుని, అరచేతుల మీద కూర్చోమన్నారు. టెస్ట్ జరుగుతున్నప్పుడు మన వేలు మన మాట వినదట, అడగకుండానే లేచి చూపిస్తుందట. అందుకని బరువు వేసి ఉంచాలట. తాను కూడా అలాగే కూర్చున్నారు. ఆ రెండు నెలలూ మాకు అదే తీరు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అరచేతుల్లో ప్లాస్టిక్ కుర్చీ చారలు పడి ఉండేవి.

టెస్టుకు వచ్చే మనుషుల కోసం ఆవిడ చేసే హడావుడి చూస్తే మాకు నవ్వొచ్చేది. కింద స్టూడియోలో కొత్త పెళ్లి జంటలను కూర్చోబెట్టి ఫోటోలు తీసే కుర్చీ ఒకటుంది. బంగారు రంగు, ఎర్ర మఖ్మల్ మెత్త, రెండు పక్కలా సింహం తలలు. ఆదివారం వస్తే నవీనూ ఇంకొకడూ దాన్ని మెట్ల మీదుగా పైకి మోయాలి. వచ్చిన మనిషిని అందులో కూర్చోబెట్టి, మేడంతో సహా మేమంతా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్లం. మోసి మోసి నవీన్ ఒకరోజు, “మేడం, వచ్చేటోళ్లు రాజులా, మంత్రులా?” అని గొణిగాడు. “అవ్. నీకు ఇయ్యాల్నే తెలిసిందా?” అన్నారు మేడం.

కుర్చీ అమరాక సంచిలోంచి పచ్చ గళ్ల తువ్వాల తీసేవారు. స్టూలెక్కి గోడ గడియారం మీద కప్పేవారు. గడియారం కనిపిస్తే వచ్చినవాళ్లు దాన్నే చూస్తారని, ఆలస్యం చేస్తున్నామేమో, ఈ పిల్లల పని పాడవుతోందేమో అని కంగారు పడతారని ఆవిడ బాధ. గడియారాన్నే తీసి పక్కన పెట్టొచ్చు కదా అని అడిగాను. “మేకు తుప్పు వట్టింది పిల్లా. గుంజితే గోడ ఊడొస్తది. ఓనర్ నన్ను ఎల్లగొడ్తడు,” అన్నారు. తువ్వాల కింద నుంచి దాని చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉండేది.

కోర్సు సగానికి వచ్చింది. వచ్చే ఆదివారం ఒక్కొక్కరు ఇంట్లోంచి ఒక పెద్దమనిషిని తీసుకురమ్మన్నారు మేడం. ఆవిడకు తెలిసినవాళ్లెవరో ఒక యాప్ చేస్తున్నారు, ఇంకా బయటికి రాలేదు. దవాఖానలో డాక్టర్‌ను చూడడానికి ఇంట్లోంచే నంబరు తీసుకునే యాప్ అది. మేం అలవాటు పడడానికని మా ఫోన్లలో అప్పటికే వేసి ఇచ్చారు. అక్కడే మా ఓరుగల్లు బుద్ధి బయటపడింది.

ఆదివారం మొదట నవీన్ వాళ్ల మేనత్త సింహాసనంలో కూర్చుంది. మేడం ఇంకా పని చెప్పనే లేదు, ఆమె ఫోన్ తీసుకుని టకటకా నాలుగు చోట్ల నొక్కి, “అయిపాయె,” అని తిరిగి ఇచ్చేసింది. మేడం కనుబొమలు పైకి లేచాయి. తర్వాత వచ్చిన ముసలాయన అంతకంటే ఘనుడు. తెర వైపు చూడకుండానే, కిటికీలోంచి రోడ్డు చూస్తూ పని కానిచ్చాడు.

“ఏం బాపూ, మస్తు జల్ది చేసినవ్?” అన్నారు మేడం.

“చెయ్యనా మరి! వారం సంది మా మనుమరాలు నా పానం తోడింది మేడం. తప్పు ఒత్తితే చాయ్ బంద్ అన్నది.”

మా అందరి మొహాలూ ఒక్కసారి కిందికి వంగాయి. ఒకరికి తెలియకుండా ఒకరం, ఎవరింట్లో వాళ్లం, మనవాళ్ల ఇజ్జత్ పదిమందిలో పోకూడదని వారమంతా నేర్పి తెచ్చాం! నవీన్ అయితే మేనత్తకు ముందురోజు రిహార్సల్ కూడా చేయించాడట. మేడం తిడతారని బిక్కుబిక్కుమంటూ చూశాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

“మంచి పని చేసిండ్రు. మీ వాళ్ల ఇజ్జత్ నిలవెట్టిండ్రు. ఇగ ఆ యాప్ చేసినోళ్లకు నేనేం చెప్పాలె? వరంగల్‌ల అందరు ఫస్ట్ క్లాసుల పాసైండ్రని చెప్పాల్నా?” అని, గది చివర గోడకు ఆనుకుని ఉన్న మా అమ్మను చూశారు. “అక్కా, నీక్కూడ నేర్పిందా మీ పిల్ల?”

“లేదు మేడం, నేనే దగ్గరికి రానియ్యలే,” అంది అమ్మ.

మాది కేసముద్రం వైపు ఊరు. నాన్న, అమ్మ మిర్చి, పత్తి వేస్తారు. పంట ఎనుమాముల తెచ్చినప్పుడు మార్కెట్‌లో ఎంతమందితోనైనా గొడవపెట్టుకోగల మనిషి మా అమ్మ. ఫోన్ అంటే మాత్రం హడల్. కాలిన పెనం పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంటుంది. నేను నేర్పబోతే “నాకెందుకే గవి” అని కొట్టంలోకి పోయింది. అలాంటి అమ్మను మేడం చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ బంగారు కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మ కుర్చీ అంచు మీదే కూర్చుంది, మెత్త నలిగిపోతుందన్నట్టు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను పక్కనే కూర్చోమన్నారు, అరచేతుల మీద.

“అక్కా, నీకు మోకాళ్లు నొస్తానయనుకో. డాక్టర్ దగ్గర నంబర్ తీస్కో. చేస్తాంటే మనసుల ఏమనిపిస్తే అది బయటికి అను, తప్పు లేదు ఒప్పు లేదు,” అన్నారు మేడం.

అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. పేరు నొక్కింది, ఊరు నొక్కింది, డాక్టర్ బొమ్మ నొక్కింది. ఫరవాలేదే అనుకున్నాను. చివరి తెర వచ్చింది. పచ్చ రంగులో ఖరారు చేయండి అని, దాని పక్కనే ఎర్ర రంగులో రద్దు చేయండి అని. అమ్మ వేలు గాల్లో ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. తువ్వాల కింద గడియారం కొట్టుకుంటోంది. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది. మెల్లగా తలతిప్పి నా వైపు చూసింది. నాకు తెలుసు ఏది నొక్కాలో. ఒక్కసారి కళ్లతో చూపిస్తే చాలు. నా చేతులు తొడల కింద గింజుకుంటున్నాయి. నేను తల వంచి నేల చూశాను. కన్నతల్లి నలుగురిలో ఇబ్బంది పడుతుంటే చూడనట్టు కూర్చోవడం ఏం చదువు, ఏం ఉద్యోగం అని ఆ క్షణంలో మేడం మీద కోపం కూడా వచ్చింది.

“నాకు రాదు మేడం,” అంది అమ్మ చివరికి. “సదువుకోలె కదా. మా పిల్లను అడుగున్రి, గామెకు అన్ని వస్తయి.”

మేడం కుర్చీలోంచి లేచి, సింహాసనం పక్కన కింద కూర్చున్నారు, నేల మీద.

“నీకు రాక కాదక్కా. దానికి రాదు,” అన్నారు. “ఏమని భయమైతాంది? గదొక్కటి చెప్పు.”

అమ్మ కాసేపు కొంగు నలుపుకుంది. “ఇండ్ల ఎర్రగ రద్దు అని ఉన్నది. నా వేలు మొద్దుది. తప్పి దాని మీద పడ్డదనుకో, ఎవలదో నంబరు పోతది కదా మేడం. పాపం ఎవలో ముసలోళ్లు, ఏ ఊరికెల్లి వచ్చి కూసున్నరో. నా మూలంగ వాళ్లది పోతే ఎట్ల?”

అమ్మ తన మోకాళ్ల గురించి భయపడుతోందనుకున్నాం, చదువు లేక భయపడుతోందనుకున్నాం. ఆమె ఎవరో తెలియని ముసలివాళ్ల వంతు గురించి భయపడుతోంది. మేడం లేచి, ఆ మాటలు అమ్మ అన్నది అన్నట్టే బోర్డు మీద రాశారు. ఒక్క అక్షరం దిద్దలేదు. “భయమైన కాడ ఆగున్రి. మన పని ఆడనే ఉంటది,” అన్నారు మాతో. ఆ యాప్ వాళ్లు తర్వాత రెండు బటన్లనూ దూరంగా జరిపి, మీ నంబరు మాత్రమే రద్దవుతుందని కింద రాశారట. ఆ సంగతి మేడం ఫోన్ చేసి నాకు కాదు, అమ్మకు చెప్పారు.

ఆ రోజు తిరిగి వెళ్తుంటే బస్సులో అమ్మ, “మీ మేడం మంచిదే. తిట్టలే,” అంది.

“ఎందుకు తిడతదే?”

“ఏమో. గంత పెద్ద కుర్చీల కూసున్నందుకు తిడ్తరేమో అనుకున్న,” అంది. కిటికీ పక్కన తల ఎత్తి కూర్చుంది ఊరు వచ్చేదాకా.

కోర్సు అయ్యాక నాకు ఒక చిన్న కంపెనీలో ఇంటి నుంచి చేసే టెస్టింగ్ పని దొరికింది. ఆదివారాలు మాత్రం మేడంకు సాయంగా వెళ్లేదాన్ని. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం, వాళ్లు చెప్పింది రాసుకోవడం. నోరు విప్పే పని లేకుండా చూసుకునేదాన్ని. కంపెనీ పనిలో కొత్తవాళ్లతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ముందు మేడంకు ఫోన్ చేసేదాన్ని.

“మేడం, భయమైతాంది.”

“మంచిదే,” అని పెట్టేసేవారు.

ఎన్నిసార్లు చేసినా అంతే. ఒకసారి నాకు ఒళ్లు మండి, “మంచిదేంది మేడం, ఇక్కడ నా పానం పోతాంది!” అన్నాను. “పోదు. భయం లేనోడు ఎదుటోళ్ల భయం చూడడు పిల్లా. నీకు కనవడ్తది. పో, పని చూస్కో,” అన్నారు. ఆవిడకేం, రాయిలాంటి మనిషి, ఎన్నయినా చెబుతారు అనుకునేదాన్ని.

ఆ రాయిలాంటి మనిషికి మొన్న పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తోందని వాళ్ల అక్క చెప్పారు. నేను దవాఖానకు వెళ్లి, గది తలుపు దాకా పోయి, లోపలికి వెళ్లే ధైర్యం లేక వరండాలో నిలబడ్డాను. మేడంను ఆ స్థితిలో చూస్తే నా మొహంలో ఏం కనపడుతుందో, అది చూసి ఆవిడ ఏమైపోతారో అని వణుకు. అక్క బయటికి వచ్చి, “వచ్చినవా? జర కూసో బిడ్డా, మందులు తెస్త,” అని నన్ను లోపలికి నెట్టి వెళ్లిపోయారు.

మేడం ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. దాని పక్కన వైరుకు వేలాడే రిమోట్ లాంటిది ఒకటి. నర్సును పిలవడానికి ఒక బటన్, లైటుకు ఒకటి, మంచం తల వైపు లేవడానికి ఒకటి. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, మీద బొమ్మలు అరిగిపోయాయి. మేడం నన్ను చూసి, ఎడమ చేత్తో నా చేతుల వైపు చూపించారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ చూపించి, స్టూలు వైపు చూపించారు. అప్పుడు తెలిసింది. అరచేతుల మీద కూర్చోమంటున్నారు.

“వద్దు మేడం,” అన్నాను.

ఆవిడ కళ్లు ఉరిమాయి. అవి మాత్రం మారలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు కింద పెట్టుకున్నాను.

“నీళ్లు… కావాలె,” అన్నారు మేడం. ఒక్కో మాటా బరువు ఎత్తినట్టు తీస్తున్నారు. “నర్సును… పిలుస్త.”

తన పని తనే చెప్పుకుని, ఎడమ బొటనవేలితో బటన్లు వెతకడం మొదలుపెట్టారు. లైటు ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. ఇంకోటి నొక్కితే మంచం తల గర్రుమంటూ పైకి లేచింది, ఆవిడ పక్కకు ఒరిగిపోయారు. నేను ఉలిక్కిపడి లేవబోయాను. కళ్లతోనే ఆపేశారు. నీళ్ల సీసా నా మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. ఆవిడ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా అరచేతులు తిమ్మిరెక్కాయి. మళ్లీ లైటు ఆరింది. రిమోట్ చేతిలోంచి జారి వైరుకు వేలాడింది.

మేడం ఎటో పైకప్పు వైపు చూశారు. కంటి చివర నుంచి నీరు చెవి లోపలికి కారింది.

“నాకే… రాదు,” అన్నారు.

నేను బిక్కచచ్చిపోయాను. ఎంతమంది ఎన్ని ఆదివారాలు ఆ మాట అన్నారు! మేడం ఒక్కసారి కూడా ఆ మాటను అలా వదిలేయలేదు. ఇప్పుడు ఆవిడే అన్నారు. దానికి జవాబు చెప్పేవాళ్లు ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ లేరు. స్టూలు దిగి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. ఆవిడైతే అలాగే చేసేవారు కాబట్టి.

“మీకు రాక కాదు మేడం. దానికి రాదు,” అన్నాను. పిల్లి కూన అరిచినట్టు వచ్చింది నా గొంతు. తర్వాత అడగాల్సింది కూడా అడిగాను. “ఏమని భయమైతాంది?”

ఆవిడ చూపు పైకప్పు నుంచి నా మీదికి దిగింది.

“మల్ల… క్లాస్… చెప్పనేమో,” అన్నారు.

లేచి చెంచాతో నీళ్లు పట్టాను. సగం గడ్డం మీదికి కారాయి, తుడిచాను. గుటక పడ్డాక, “ఆదివారం… నువ్వు చెప్పు,” అన్నారు. నా చేతిలో చెంచా సీసాకు తగిలి టకటకలాడింది. మీరే వస్తారు మేడం అనాలని ఉంది. సరే అనాలనీ ఉంది. రెండూ రాలేదు.

“భయ…మైతాందా?”

తల ఊపాను. ఆవిడ మూతి ఎడమ పక్కన కొద్దిగా కదిలింది.

“మంచిదే,” అన్నారు.

ఆవిడ నోట నేను విన్న చివరి మాట అది. అక్క ఆవిడను ఇంటికి తీసుకెళ్లాక మళ్లీ చూడడానికి పోదామనుకుంటూనే ఉన్నాను. పోతే ఆ జవాబు అడుగుతారని రేపు, రేపు అనుకున్నాను. ఇంతలో ఫోన్ మోగింది.

దినాల భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. అక్క నన్ను ఉండమన్నారు. స్టూడియో ఓనర్ అప్పటికే ఆవిడను అడిగాడట, ఈ ఆదివారం ఎవరైనా చెబుతారా, లేకపోతే గదిని ట్యూషన్ వాళ్లకు ఇచ్చేయనా అని. కొత్త బ్యాచ్ పిల్లలు కూడా ఎదురు చూస్తున్నారు. అక్క లోపలి నుంచి మేడం గుడ్డ సంచి తెచ్చి నా ఒడిలో పెట్టారు. పైనే పచ్చ గళ్ల తువ్వాల, ఉతికి మడత పెట్టి ఉంది. దాని కింద మాత్రల సీసా.

“నాతోని కాదు పెద్దమ్మా,” అన్నాను. “నలుగురి ముంగట నిలవడితే నా చేతులు వణుకుతయి. అందరికి కనవడ్తది.”

అక్క నన్ను వింతగా చూశారు. “మరి దానియి వణకకపోవునా?”

“ఎవరివి?”

“మీ మేడంవి. చిన్నప్పటి సంది గంతే. బళ్లె పద్యం చెప్పమంటే చేతులు గజగజ వణికేటియి. గీ క్లాస్ పెట్టిన మొదటి దినం ఇంటికచ్చి, ‘అక్కా, చేతులు ఎవలకు కనవడకుంట కింద వెట్టుకొని కూసున్న,’ అని చెప్పింది. నేను ఒకటే నవ్వుడు. గప్పటికెల్లి మొన్నటి దాక గదే కత. ఆదివారం పొద్దుగాల్ల ఒక్క బుక్క దిగకపోయేది దానికి.”

“వేలు చూపియ్యకుండా ఉండాలని అట్ల కూసోమన్నరు కదా మమ్మల్ని?”

“గది సుత నిజమే కావచ్చు,” అన్నారు అక్క, కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అన్ని ఆదివారాలు ఆవిడ పక్కన కూర్చున్నాను. రాయిలాంటి మనిషి అనుకున్నాను. పరాయివాళ్ల భయాన్ని వెతికి పట్టే పని నేర్చుకుని, నా పక్క కుర్చీలో ఉన్న భయాన్ని నేను చూడనే లేదు. మంచిదే, మంచిదే అని ఆవిడ నాకొక్కదానికే చెప్పి ఉండరు. సంచి పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అక్క ఊరుకోబెట్టలేదు, తనూ ఏడ్చారు.

ఆదివారం నాకూ ఒక్క ముద్ద దిగలేదు. నవీన్ నేను అడగకుండానే వచ్చి, ఇంకొకడిని పట్టుకుని సింహాసనాన్ని పైకి మోశాడు. ఈసారి గొణగలేదు. నేను స్టూలెక్కి గడియారం మీద తువ్వాల కప్పాను. దిగి వెనక్కి తిరిగాను. అందరూ కొత్త మొహాలు, అందరూ నన్నే చూస్తున్నారు. వారమంతా అద్దం ముందు నేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా గుర్తు లేదు. చేతిలో సీసా, లోపల మాత్రలు గలగలమంటున్నాయి. ఆ చప్పుడు గది చివరిదాకా వినపడుతోందని వాళ్ల చూపుల్లో తెలుస్తోంది. సీసాను ఒడిలో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. వణుకుతున్న రెండు చేతులూ తొడల కింద దాచేశాను.

తువ్వాల కింద గడియారం కొట్టుకుంటోంది.

ముందు వరసలో ఒక అమ్మాయి ఉంది, వచ్చినప్పటి నుంచి చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ. ఆ పిల్ల నా మోకాళ్ల వైపు చూసింది. చున్నీ వదిలేసింది. మెల్లగా తన చేతులు కూడా కింద పెట్టుకుని కూర్చుంది. దాన్ని చూసి పక్క పిల్లాడు. వాడిని చూసి వెనక వరస. పాఠం మొదలైందనుకున్నారేమో, ఎందుకని ఒక్కరూ అడగలేదు. తలుపు దగ్గర నిలబడ్డ నవీన్ కూడా ఒక కుర్చీ లాక్కుని అలాగే కూర్చున్నాడు.

“సరే మేడం,” అన్నాను నేను.

ఎవరితో అంటున్నానో ఆ పిల్లలకు అర్థం కాలేదు. నా చూపు ఎటుందో చూసి, అందరూ తలలు తిప్పి, ఖాళీగా ఉన్న ఆ బంగారు కుర్చీ వైపు చూశారు. చేతులు మాత్రం ఎవరూ బయటికి తీయలేదు.